చెప్పులబండ

రేడియేటర్లో నీళ్లు పోసి మూత బిగించాక, పోశాలు నాలుగు టైర్లనూ బొటనవేలితో నొక్కి చూస్తూ జీపు చుట్టూ రెండోసారి తిరుగుతున్నాడు. అప్పుడు కనిపించాయి, వాకిట్లో నెత్తుటి అడుగులు.

గచ్చు మీద ఎర్రగా, ఇంకా తడి ఆరకుండా ఉన్నాయి. అన్నీ కుడికాలివే. పాపం, ఎవరు ఏ గాజుపెంకు తొక్కారో అనుకుంటూ వాటి వెంట వెళ్లాడు. అడుగులు నీళ్లతొట్టి దాకా పోయి, అక్కడ కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి, జీపు చుట్టూ ఒక చుట్టు తిరిగి, సరిగ్గా ఆయన నిలబడిన చోటికే వచ్చి ఆగిపోయాయి.

బానెట్‌కు చెయ్యి ఆనించి కుడికాలు పైకెత్తి చూసుకున్నాడు. అరికాలి నడుమ తుమ్మముల్లు, సగం లోపలికి విరిగి ఉంది. నిన్న సాయంత్రం కంచె సర్దినప్పటిది అయి ఉండాలి. అంటే దాన్ని కాల్లో పెట్టుకునే అన్నం తిన్నాడు, దాన్ని పెట్టుకునే పడుకున్నాడు. సామాన్ల పెట్టెలోంచి పట్టకారు తీసి లాగాడు. ముల్లు వచ్చింది, దాని వెనకే నెత్తురూ వచ్చింది. నొప్పి మాత్రం రాలేదు. వస్తుందేమోనని కాసేపు ఎదురు కూడా చూశాడు.

ఇంట్లోంచి చీపురుతో బాలనర్సమ్మ వస్తున్న చప్పుడైంది. పోశాలు గబగబా బకెట్ నీళ్లెత్తి గచ్చు మీద కుమ్మరించాడు.

“ఏందయ్యో, వాకిలి గడుగుతున్నవ్? మన లగ్గమైన కాడికెల్లి గీ ముచ్చట నేను సూడలే.”

“జీపు గడుగుతున్ననే. నీళ్లే గటు బోయినయ్.”

ఆమె ఆయన మొహం వంక ఒక క్షణం చూసి, ఏమనుకుందో గాని, ఊడవకుండానే లోపలికి వెళ్లిపోయింది.

పోశాలుకు యాభైతొమ్మిదేళ్లు. బక్కపలుచని మనిషి. కుడిభుజం ఎడమదానికన్నా రెండంగుళాలు కిందికి ఉంటుంది. నలభై ఏళ్లకు పైగా బండి కిటికీలోంచి ఒంగి ముందుచక్రం ఎక్కడ పడుతుందో చూస్తే ఎవరి భుజమైనా అంతే. టేకుమట్లలో ట్రాక్టర్‌తో మొదలుపెట్టి, బయ్యారం వైపు లారీ, భూపాలపల్లిలో టిప్పరు నడిపి, పదకొండేళ్లుగా ఈ జీపుతో గిద్దలోయ చూడవచ్చే జనాన్ని ఎక్కించి దించుతున్నాడు. ఇన్నేళ్లలో ఆయన బండి కింద కుక్కపిల్ల కూడా పడలేదు. కాని పడనిదానికి ఎవరు దండ వేస్తారు? ఊళ్లో ఆయన పేరెత్తితే డ్రైవింగు సంగతి ఎవరికీ గుర్తు రాదు. కోతలే గుర్తొస్తాయి. ఒకసారి ముందుచక్రం ఊడిపోతే, మూడు చక్రాల మీద లోయంతా ఎక్కి, తిరిగొచ్చేటప్పుడు నాలుగోది దారిలో దొరికితే బిగించుకున్నానని చెప్పిన మనిషి ఆయన.

ఆ కోతల్లో ఒకటే నిజం. బండిని పాదాలతో నడుపుతానని చెప్పేవాడు. లోయలో ఎప్పుడూ ఉత్తకాళ్లే. చక్రం కింద నలిగిన రాయి ఎండుదో, పాచిపట్టిందో పెడల్ గుండా అరికాలికి తెలిసేది. “నా కండ్లు పైన లేవు, కింద ఉన్నయ్” అనేవాడు.

ఆ కళ్లే పోతున్నాయి ఇప్పుడు. చక్కెరవ్యాధి పట్టి ఆరేళ్లు. ఏడాదిన్నరగా దూది మీద నడిచినట్టు ఉంటోంది. మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్‌లో ఉన్న కూతురు కళ్యాణి దవాఖానకు తీసుకుపోయి, డాక్టరు చెప్పిన మెత్తటి నల్లచెప్పులు కొనిపెట్టింది. “నాయినా, నిద్రవోయేటప్పుడు తప్ప గివి ఇడువకు. నీ కాళ్లు ఇంక నీతోని ఏం జెప్పయ్” అంది. ఊళ్లో వాళ్లడిగితే మోకాళ్ల నొప్పులకని చెప్పాడు.

నాలుగు రోజుల కిందట, లోయలో ఏనుగుమెట్లనే బండవాలు దిగుతున్నప్పుడు బ్రేకు తొక్కాడు. బ్రేకు అందలేదు. కాలు రెండు పెడళ్ల నడుమ ఉత్త రేకును తొక్కుతోంది. బండి బారెడు దూరం జారాక గాని ఆయనకు తెలియలేదు. వెనక కూర్చున్నవాళ్లకు అసలే తెలియలేదు, అదేదో సరదా అనుకుని కేకలు వేశారు. ఆ రోజు నుంచి పోశాలు బ్రేకు తొక్కే ముందు ప్రతిసారీ కిందికి చూస్తున్నాడు. కాలిని చూస్తే దారి కనబడదు. దారిని చూస్తే కాలు ఏం చేస్తోందో తెలియదు.

ఈ రోజు మానేద్దామనే అనుకున్నాడు. కాని వారం ముందే మాటిచ్చిన బేరం. మానేస్తే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. నలభై ఏళ్లు స్టీరింగు పట్టిన మనిషిని ఒక్క మాటతో బండి దించేసుకోవాలి.

*

ఎనిమిదిన్నరకు కారు వచ్చింది. జనగామలో పనిచేసే శ్రావణ్, ఆయన భార్య పద్మలత, తరిగొప్పులలో ఉండే తల్లి కట్టమ్మ. దసరా సెలవులు. కారు పోశాలు వాకిట్లో పెట్టి జీపెక్కారు. కట్టమ్మకు మోకాళ్లు వంగవు, అందుకని ముందుసీట్లో కూర్చోబెట్టారు. అరవైఅయిదేళ్లుంటాయి. గుండ్రటి మొహం, తీక్షణమైన చూపు. సీటు సర్దుకోగానే జీపునంతా ఒకసారి పరకాయించింది.

“గీ బండి వయసెంత తమ్మీ?”

“నాకన్న శిన్నది, నీకన్న పెద్దదక్కా.”

“అయితె నన్ను జూసి సిగ్గుపడ్తది తియ్. నడువు.”

అడవిదారిలో అరగంట. లోయముఖం దగ్గర రెండు బండిజాడలు కలుస్తాయి. ఒకటి పోశాలు ఊరి నుంచి, ఇంకొకటి అవతలి తండా నుంచి. తండావైపు జీపు హీర్యాది. లోపలికి మాత్రం ఒకటే దారి, ఒక బండికే చోటు. ఎక్కిన బండి మళ్లీ ఆ దారినే దిగాలి. రెండు బండ్లు ఎదురైతే ఏదో ఒకటి కొండ అంచున వెనక్కి నడవాలి. ఫోన్లు అక్కడ పనిచేయవు. అందుకే ఆ కూడలిలో ఉన్న పీటలాంటి బండకు చెప్పులబండ అని పేరొచ్చింది. లోపలికి పోయే డ్రైవరు చెప్పులు దాని మీద విడిచిపోతాడు. బండ మీద చెప్పులుంటే రెండోవాడు ఇంజను ఆపి కూర్చుంటాడు. పదకొండేళ్లలో పోశాలు గాని హీర్యా గాని ఆ మాట తప్పలేదు.

బండ ఖాళీగా ఉంది. పోశాలు దిగి చెప్పులు విడిచి పక్కపక్కన పెట్టాడు. కుడిచెప్పులో తడిగా ఏదో మెరిసింది. దాని వంక చూడకుండా వచ్చి బండెక్కాడు.

మొన్న ఇక్కడే హీర్యా అన్నాడు, “అన్నా, గీ నడుమ నీ కతలు మస్తు పొడుగైతున్నయ్. ఏమన్న పరేషానా?” భయం పెరిగినకొద్దీ ఆయన కథ పొడుగవుతుందని హీర్యాకు తెలుసు. వాన ముంచుకొచ్చిన ఓ సాయంత్రం లోయలో చిక్కుకున్నప్పుడు పోశాలు చెప్పిన కథకు తెల్లారేదాకా తుది లేదు.

చిన్నగేరు వేసి, నాలుగు చక్రాలకూ పట్టు తగిలించి లోపలికి దూర్చాడు. రెండువైపులా ఎర్రటి గోడలు, రొట్టెలు పేర్చినట్టు పొరలు పొరలుగా లేచాయి. పైన ఆకాశం చీరంచులా సన్నబడింది. గోడలకు తేనెపట్లు నల్లగా వేలాడుతున్నాయి. ఎడమపక్కన నలభై అడుగుల కింద వాగు, వానాకాలపు నీటితో గలగలమంటోంది. వెనక పద్మలత “అబ్బా, ఎంత బాగుందో” అంటూ ఫోన్ ఎత్తింది.

పోశాలు నోరు విప్పాడు. ఈ గోడలు ఒకప్పుడు ఆనుకునే ఉండేవనీ, తన తాత ఎద్దు దురదపుట్టి వీపు రుద్దుకుంటే పక్కకు జరిగాయనీ చెప్పాడు. శ్రావణ్ నవ్వాడు. కట్టమ్మ నవ్వలేదు. ఆమె తేనెపట్లను చూడటం లేదు, వాగును చూడటం లేదు. పోశాలు చూపు మాటిమాటికీ ఎటు పోతోందో చూస్తోంది. అది పోయిన చోటికే తన చూపునూ పంపింది. రేకు మీద ఎర్రటి మరక.

ఎక్కేటప్పుడు ఏనుగుమెట్లు కష్టం కాదు. ఏటవాలు బండ మీద అయిదు మెట్లు, ఒక్కొక్కటి మోకాలెత్తు. బండి ముక్కు పైకెత్తి పాకింది. చివరికి పైన వెడల్పాటి గుట్టతల మీదికి వచ్చి ఆగింది. చుట్టూ అడవి, దూరాన కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు. మొగుడూ పెళ్లాలు ఫొటోలకని అంచు వైపు వెళ్లారు.

కట్టమ్మ కదలలేదు.

“తమ్మీ, సక్కెర పట్టి ఎన్నేండ్లాయె?”

“నాకా? నాకేం సక్కెరక్కా, నేను శెరుకుతోట పక్కనుంచి వోయినా—”

“మా ఇంటాయన గిట్లనే ముచ్చట్లు జెప్పేటోడు. గిట్లనే కాళ్ల దిక్కు సూసుకుంట నడిచేటోడు. ఆఖరికి మోకాలి కాడికి తీసేసిండ్రు. నాకు జెప్పకు నీ శెరుకుతోట.”

పోశాలు స్టీరింగు మీంచి చేతులు తీసి, రేకు మీది మరక వంక చూశాడు.

“ఎక్కినప్పుడు గింత లేకుండె. ఇప్పుడు పెడలే ఎరుకైతలేదక్కా.”

ఆ రోజు ఆయన నోటి నుంచి కోత కాని మాట రావడం అదే మొదలు. ఆమె తల తిప్పి చూసింది. అంచున కొడుకు నవ్వుతున్నాడు, కోడలి చున్నీ గాలికి ఎగురుతోంది.

“ఇంకో బండి పిలిస్తె?”

“ఫోనందదు. హీర్యా వచ్చినా లోపలికి రాడు. నా చెప్పులున్నయ్ గద బండ మీద.” అని ఆగి, “ఎన్ని దినాలైనా రాడు” అన్నాడు. గొప్పగా చెప్పుకోవలసిన సంగతే. అప్పుడు మాత్రం తలవంచుకునే చెప్పాడు.

“మావోడు నడుపుతడా?”

“రోడ్డు మీద నేర్సిన కాలు. ఈ బండ మీద ఇంకింత ఆగమైతం. నువ్వు గూడ దిగి మెల్లగ నడిచి రాక్కా. నేనొక్కన్నే దించుకొస్త.”

“నా మోకాళ్లతోని నడిస్తె వచ్చే దసరకు దిగుత. నువ్వొక్కనివే దిగితె గంతకన్న ముందుగాల్నే దిగుతవ్, వాగుల.” ఆమె కొంగు నడుముకు దోపింది. “నా కండ్లు మంచిగున్నయ్. నువ్వు దారి సూడు, నేను నీ కాలు సూస్త.”

“నోటితోని ఎంతని జెప్తవ్? పిల్లలింటరు, బెదురుతరు.”

“కత జెప్పు నువ్వు. కాలు బిరేకు మీదున్నంతసేపు నేను ఊఁ కొడ్త. ఊఁ ఆగిందంటె జారిందని లెక్క.”

*

ఏనుగుమెట్ల తలమీద బండి ఆపించి, కట్టమ్మ కొడుకునూ కోడలినీ దింపేసింది. “మీరు ఎనుకకెల్లి నడుసుకుంట ఫొటోలు దియ్యుండ్రి. ముంగటికి మాత్రం రావద్దు, దుమ్ము లేస్తది” అని చెప్పింది. తడిబండ మీద దుమ్మేమిటని శ్రావణ్ అడగబోయి, తల్లి మొహం చూసి మానుకున్నాడు.

జీపు ముక్కు కిందికి వంగింది. ముందు అద్దం నిండా లోయ తప్ప ఇంకేమీ లేదు. చేతిబ్రేకు ఈ వాలులో అలంకారానికే. ఇంజను గురగురమంటూ కొంత పట్టి ఉంచుతుంది, మెట్టు దిగే క్షణంలో మాత్రం బ్రేకే దిక్కు. కట్టమ్మ ముందుకు ఒంగి, డాష్‌బోర్డు కింద తల దూర్చినంత పని చేసి, ఆయన కుడిపాదం మీదే చూపు నిలిపింది.

“అనగనగ ఒక ఎలుగు,” అన్నాడు పోశాలు.

“ఊఁ.”

“గా ఎలుగు తేనెపట్టుకని గోడెక్కింది.”

“ఊఁ.”

మొదటిమెట్టు. ముందుచక్రాలు దబ్బున దిగాయి. వెనకచక్రాలు దిగాయి.

“ఎక్కి, కాలు జారి, సక్కగ నా జీపుల వడ్డది. గదుగో, నువ్వు గూసున్న సీట్లనే.”

“ఊఁ... నా అసొంటిదే అన్నట్టు. ఊఁ.”

వెనక పద్మలత పకపకా నవ్వింది. రెండోమెట్టు.

“నేనేమన్న? బాపూ, ఎక్కితె ఎక్కినవ్, గని గోర్లు జర లోపల వెట్టుకో అన్న. గదేమన్నది? నాకు భూపాలపల్లి సూడాలనుంది అన్నది.”

ఊఁ రాలేదు.

పోశాలు చెవుల్లో వాగు చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది. కాలెత్తి మళ్లీ తొక్కాడు. లేదు. ఎడమచేత్తో కుడిమోకాలి మీద పంట్లాం గుప్పిట పట్టి, కాలిని సామానులా ఎత్తి పక్కకు వేశాడు.

“ఊఁ,” అంది కట్టమ్మ.

మూడోమెట్టు. నాలుగోమెట్టు. ఎలుగు తేనె తుడుచుకుంది, ఇంటి దగ్గర పిల్లలున్నాయని చెప్పుకుంది, ఊఁ, ఎవరికీ చెప్పకని ఒట్టు వేయించుకుంది, ఊఁ. పోశాలు చెమట కనురెప్పల మీదుగా కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి వదలలేదు. అయిదోమెట్టు కింద దారి ఎడమకు తిరుగుతుంది. తిరగకపోతే నలభై అడుగులు.

ముందుచక్రాలు అయిదోమెట్టు దిగుతుండగా పాదం నెత్తుటితో జారింది. ఊఁ ఆగడమూ, ఇంజను అరవడమూ ఒకేసారి. కాలు పక్కపెడల్ మీద పడింది. జీపు ఎగిరి ముందుకు దూకింది. పోశాలు కాలిని వెతుక్కున్నాడు, తన ఒంట్లోనే ఎక్కడుందో దొరకలేదు. కట్టమ్మ సీట్లోంచి ఒరిగి, రెండు చేతులతో ఆయన మోకాలిని తనవైపు లాగి, ఒళ్లంతా బరువుపెట్టి కిందికి అదిమింది.

“ఊఁ! ఊఁ! ఊఁ! ఊఁ!”

బండి ఆగింది. ఇంజను కూడా ఆగింది. కుడి ముందుచక్రం అంచుకు జానెడు ఇవతల ఉంది. ఒక గులకరాయి జారి, చాలాసేపటికి కింద నీళ్లలో పడిన చప్పుడు వినిపించింది.

“అత్తమ్మా, ఏమైంది?” వెనక నుంచి పద్మలత కేక.

“ఏం లేదు బిడ్డా,” అంది కట్టమ్మ, మోకాలి మీద చేతులు తియ్యకుండానే. “కత మంచిగున్నది.”

*

మెట్ల కింద కొడుకూ కోడలూ మళ్లీ ఎక్కాక, మిగిలిన చిన్నవాలు ఊఁల మీదే దిగి, లోయముఖం దాటగానే పోశాలు బండి ఆపాడు. ఎప్పటిలా వాగులో దిగి మొహం కడుక్కున్నాడు. కాలూ కడిగాడు. గులకరాళ్ల మీద అటూ ఇటూ నడిచాడు. పగిలిన పలుగురాళ్లు అవి, ఇంకెవరైనా అయితే రెండడుగులకే చెప్పులు గుర్తొచ్చేవి. ఆయనకు నేల ఏమీ గుర్తు చేయలేదు. చెప్పులబండ పక్కనుంచే రెండుసార్లు పోయాడు. కట్టమ్మ తన చేతిరుమాలు చింపి ఆయన పాదానికి గట్టిగా కట్టింది.

“గని తమ్మీ, ఆఖరికి ఎలుగు ఏడ దిగింది?”

పోశాలు లోయ వంక చూశాడు. ఎండ గోడ సగం దాకా దిగింది.

“ఎలుగు దిగలేదక్కా. డ్రైవరే దిగిండు.”

ఊరి దాకా మెత్తటి దారిని నడకవేగంతో నడిపాడు. వాకిట్లో జీపును దాని చోట నిలబెట్టి, తాళంచెవి తీసి బాలనర్సమ్మ చేతిలో పెట్టాడు. ఆమె తాళంచెవి వంక చూసింది, కాలికట్టు వంక చూసింది. తాళంచెవిని కొంగున ముడేసుకుంది.

“హీర్యా వస్తె ఇయ్యి. టైర్లు మంచిగున్నయని జెప్పు.”

“మానుకోట దవాఖానల దించి పోతం,” అంది కట్టమ్మ. “బిడ్డ ఆడనే ఉందన్నడు గద. నువ్వు గూడ ఎక్కు చెల్లె.” తోవ చుట్టు అవుతుందని శ్రావణ్ అనలేదు. జీపు దిగగానే తల్లి ఆయనకు అంతా చెప్పినట్టుంది. కారు కదిలినప్పటి నుంచి ఆయన స్టీరింగును రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు.

పోశాలును ముందుసీట్లో కూర్చోబెట్టారు. పెళ్లి ఊరేగింపుల్లో తప్ప ఆయన ఆ పక్కన కూర్చుని ఎరగడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు ఖాళీ నేలను తొక్కింది. తొక్కుతున్న సంగతి ఆయనకు తెలియదు. వెనక నుంచి కట్టమ్మ మెల్లగా ఊఁ అంటే, తల పక్కకు వాల్చి కళ్లు మూసుకున్నాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి కాళ్ల వంక చూసుకోలేదు.

మూడు గంటలకు తండా దారి నుంచి హీర్యా జీపు వచ్చింది. వెనక ఆరుగురు. కూడలిలో బండ వంక చూసి, అలవాటుగా ఇంజను ఆపేశాడు.

“ఏందన్నా, ఆపినవ్?”

“పోశాలన్న లోపలున్నడు. కత పొడుగైనట్టుంది. జర కూసోండ్రి.”

కూర్చున్నారు. నీళ్లు తాగారు. నాలుగు దాటింది. హీర్యా లోయ వైపు చెవి పెట్టి విన్నాడు, ఇంజను చప్పుడు లేదు. లేచి అయిదడుగులు లోపలికి నడిచాడు, ఆగాడు, మాట గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. గోడల మీద ఎండ ఎర్రబడి పైకి పైకి ఎక్కిపోతోంది. బండ మీద నల్లటి మెత్తటి చెప్పులు రెండూ పక్కపక్కన, ముక్కులు లోయ వైపు పెట్టి ఉన్నాయి. కుడిదాని నడుమ, రూపాయి బిళ్లంత మేర, నెత్తురు ఎండి పెచ్చుకట్టింది.